సున్నం ఆరేలోపు: రివేరా గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి, ఆశీస్సులు.

మెక్సికో గోడచిత్రకారుడు దియేగో రివేరా మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. వాక్యం ఎక్కడా తడబడలేదు. కానీ పన్నెండు పేజీల్లో ఐదు ఫ్రీదా కాలోతో పెళ్ళికి, విడాకులకు, మళ్ళీ పెళ్ళికి పోయాయి. మూడు పేజీలు రాక్‌ఫెల్లర్ గొడవకు పోయాయి. మిగిలిన నాలుగింటిలో ‘విప్లవం’, ‘ప్రజాకళ’ అన్న మాటలు పేరాకి ఒకసారి చొప్పున వచ్చాయి. సున్నం అన్న మాట మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆయన తన జీవితంలో మంచి భాగమంతా సారవ మీద కూర్చుని తడి సున్నం మీద బొమ్మ వేసిన మనిషి. ఆయన ఏం నమ్మాడో చెప్పాలంటే ముందు ఆ గోడ ఎలా తయారవుతుందో నీకు తెలియాలి. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం గోడ సంగతే. ఓపిగ్గా చదువు.

మొదట ఒక దిద్దుబాటు. ‘అజంతా ఫ్రెస్కోల లాగానే’ అని పోల్చావు. మన పత్రికల్లో గోడ మీద కనిపించే ప్రతి బొమ్మనూ ఫ్రెస్కో అనేయడం అలవాటైపోయింది. అజంతాలో మట్టి గిలాబా వేసి, పైన పల్చగా సున్నం పూసి, ఆరిన తర్వాత జిగురు కలిపిన రంగులతో వేశారు. అసలైన ఫ్రెస్కోలో జిగురు ఉండదు. రంగుపొడిని ఉత్త నీళ్ళతో నూరి, ఇంకా తడిగా ఉన్న సున్నపు పూత మీద వేస్తారు. దాన్ని పట్టి ఉంచేది సున్నమే. ఈ ఒక్క తేడా నుంచే మిగతాదంతా వస్తుంది.

ఎలాగో చెబుతాను. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే అది బుసబుసలాడి వేడెక్కి తడి సున్నం అవుతుంది. దాన్ని గోతిలో, పైన నీళ్ళు నిలిచేలా, నెలల తరబడి నాననివ్వాలి. ఏడాది దాటితే ఇంకా మంచిది. వెన్నలా సాగితే పనికొచ్చినట్టు. తొందరపడితే నీళ్ళు పట్టని పలుకులు లోపల ఉండిపోతాయి. గోడకెక్కాక అవి తేమ పీల్చి ఉబ్బి, చిన్న గుంట చేస్తూ ఊడిపోతాయి. ఆ గుంట పడేది బొమ్మలో ముఖం మీదైనా కావచ్చు. డంగు సున్నం తెలిసిన మన పాత మేస్త్రీలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఇసక కూడా కడిగింది కావాలి. ఉప్పు మిగిలితే గోడకు చౌడు పట్టి, రంగు కింద నుంచి తెల్లగా పొంగుతుంది.

గోడ మీద మూడు పూతలు. సాధారణ లెక్క ఇది: అడుగు పూతకు ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ముతక ఇసక, మధ్య పూతకు ఒకటికి రెండు, చివరిదానికి ఒకటికి ఒకటి లేదా ఒకటిన్నర, అదీ సన్న ఇసక లేదా చలువరాతి పొడి. చివరి పూత మందం 3 నుంచి 5 మిల్లీమీటర్లు, అంతే. కొత్త పూత వేసే ముందు కింది పూతను బాగా తడపాలి. పొడిగా ఉన్న గోడ పైపూతలోని నీళ్ళు లాగేసుకుంటుంది. వెంట్రుక పగుళ్ళు వస్తాయి.

ఇక అసలు సంగతి. చివరి పూతను గోడంతా ఒకేసారి వేయరు. ఆ రోజు ఎంత బొమ్మ వేయగలరో అంతవరకే వేస్తారు. ఇటలీ పనివాళ్ళు ఆ ముక్కను జోర్నాతా అన్నారు, అంటే ఒక రోజు పని. పూత వేశాక గంటా రెండు గంటలు ఆగాలి. తొందరపడి కుంచె పెడితే గిలాబా లేచివచ్చి రంగు బురదవుతుంది. తర్వాత ఆరు, ఎనిమిది గంటలు, వాతావరణం చల్లగా ఉంటే ఇంకొంచెం, గోడ రంగును తాగుతుంది. ఆ సమయంలో సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని మళ్ళీ రాయి కావడం మొదలుపెడుతుంది. రంగురేణువులు ఆ రాతి స్ఫటికాల మధ్య చిక్కుకుంటాయి. గడువు దాటాక వేసిన రంగు పొడిలా పైనే నిలుస్తుంది, వేలితో రుద్దితే వచ్చేస్తుంది. తడి మీద కనిపించిన రంగు ఆరాక తేలిపోతుంది కూడా. సాయంత్రం ముదురుగా కనిపించిన నీలం కొన్ని వారాలకు ఎలా మారుతుందో పొద్దున్నే ఊహించి కలుపుకోవాలి.

రంగులన్నీ దీనికి పనికిరావు. సున్నపు క్షారాన్ని తట్టుకునేవే కావాలి: పసుపు, ఎరుపు మట్టిరంగులు, కాల్చిన సియెన్నా, కోబాల్టు నీలం, ద్రాక్షతీగ కాల్చిన నలుపు. ప్రష్యన్ నీలం సున్నంలో చెడిపోతుంది, సీసపు తెలుపు నల్లబడుతుంది. తెలుపు కావాల్సిన చోట సున్నమే తెలుపు. రివేరా గోడల్లో ఆ ఇటుకెరుపు, ఆ కావిరంగు అంతగా కనిపించడానికి మెక్సికో నేల మీద ప్రేమ ఒక కారణమైతే సున్నం ఇంకో కారణం. నువ్వు మొదటిదే రాశావు.

పొరపాటు జరిగితే? చెరిపేయడం కుదరదు. ఆ రోజు ముక్కను తాపీతో చెక్కి పడేసి, కొత్త పూత వేసి, మళ్ళీ మొదటినుంచి వేయాలి. ఆరిన తర్వాత పైపైన సర్దితే, ఏళ్ళు గడిచాక ముందు రాలేది ఆ సర్దిన భాగమే. కాబట్టి ఫ్రెస్కో వేసేవాడు సారవ ఎక్కేముందే ఏం వేయాలో తేల్చుకుంటాడు. చిన్న స్కెచ్, దాన్ని పెంచి గోడంత కొలతకు కాగితం మీద గీత, ఆ గీత గోడకెక్కించడం. కాగితం మీది గీతను గోడకు దించే పాత పద్ధతి నీకు అర్థమవుతుంది: మన మగ్గం వర్క్ చేసేవాళ్ళు ట్రేసింగ్ కాగితానికి సూదితో చిల్లులు పొడిచి పొడి రుద్దుతారే, అదే. అమెరికాలోని డెట్రాయిట్ కళా మ్యూజియం గోడలకు రివేరా గీసిన పెద్ద కాగితపు చిత్రాలు ఆ మ్యూజియంలోనే ఎవరికీ గుర్తులేకుండా పడి ఉండి, 1979లో బయటపడ్డాయి. అవి చూస్తే అర్థమవుతుంది, గోడ మీద ఆయన వెతుక్కోలేదని.

ఈ పనితనం ఆయనకు పుట్టుకతో రాలేదు. నీ వ్యాసంలో అతి బలహీనమైన చోటు ఇదే. ‘1921లో మెక్సికో తిరిగొచ్చి ఫ్రెస్కోలు మొదలుపెట్టాడు’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. 1922–23లో నేషనల్ ప్రిపరేటరీ స్కూలులో వేసిన ‘సృష్టి’ అసలు ఫ్రెస్కోయే కాదు. రంగును మైనం, రెజిన్‌లతో కలిపి మంటతో గోడకు పట్టించిన బొమ్మ అది. బోలెడు శ్రమ, బోలెడు ఖర్చు. ఆ పద్ధతితో వేల చదరపు అడుగులు నింపడం అయ్యే పని కాదు. అదే బడిలో నిజమైన ఫ్రెస్కో ముందు పూర్తిచేసింది ఇంకో చిత్రకారుడు ఝాఁ షార్లో. ఆ తర్వాత 1923లో విద్యాశాఖ భవనంలో రివేరా ఫ్రెస్కోకు దిగినప్పుడు, రంగులో నాగజెముడు రసం కలిపారు. ప్రాచీన మెక్సికన్ల రహస్యం దొరికిందని పత్రికల్లో వచ్చింది. ఆ రసం కుళ్ళి గోడ మీద మరకలు తేలాయి. దాన్ని వదిలేసి ఉత్త నీళ్ళకు వచ్చారు. చూశావా, జాతి వారసత్వం అనే ఆలోచన ఎంత గొప్పదైనా గోడ ఒప్పుకోలేదు. గోడ మాట విన్నాడు గనకే 1928 దాకా ఆ రెండు ముంగిళ్ళు, మూడు అంతస్తులు నింపగలిగాడు. ఈ సంఘటనకు ఒక పేరా ఇవ్వు. ‘మహాచిత్రకారుడు’ అన్న విశేషణం చెప్పలేని సంగతి ఇది చెబుతుంది.

గోడ మాట ఆయన వినని సందర్భం కూడా రాయి. 1951లో మెక్సికో నగరానికి లెర్మా నది నీళ్ళు తెచ్చినప్పుడు, చాపుల్తెపెక్‌లోని నీటి తొట్టి లోపలే, నీళ్ళ కింద కనిపించేలా బొమ్మ వేశాడు. సున్నం పనికిరాదు గనక పాలీస్టైరీన్, రబ్బరు కలిపి ప్రయోగం చేశాడు. నీళ్ళ ఒరిపిడికి అది నిలవలేదు. చివరికి బొమ్మను కాపాడుకోవడానికి నీటినే పక్కకు మళ్ళించాల్సి వచ్చింది.

ఇప్పుడు రివేరా చదువు సంగతి. 1886 డిసెంబరులో గ్వానహ్వాతోలో పుట్టాడు, చిన్నతనంలోనే కుటుంబం మెక్సికో నగరానికి మారింది, సాన్ కార్లోస్ అకాడమీలో చేరాడు. అక్కడ ముగ్గురు గురువుల పేర్లు నువ్వు వరసగా చెప్పి ఊరుకున్నావు. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో చెప్పాలి. సాంతియాగో రెబూల్ దగ్గర గీత, నిష్పత్తి. ప్రకృతి దృశ్యాలు వేసే హొసే మరియా వెలాస్కో దగ్గర దూరాన్ని, లోతును కొలిచి చూపే లెక్క. ఫేలిక్స్ పార్రా దగ్గర స్పెయిన్‌వాళ్ళు రాకముందటి శిల్పం మీద మక్కువ. 1907లో వెరాక్రూజ్ గవర్నర్ ఇచ్చిన ఉపకార వేతనంతో యూరప్ వెళ్ళాడు. మధ్యలో ఒకసారి వచ్చిపోవడం తప్ప 1921 దాకా అక్కడే.

పారిస్‌లో 1913 నుంచి 1917 దాకా క్యూబిస్టుగా ఉన్నాడు. ఆ నాలుగేళ్ళను ‘దారి తప్పిన కాలం’ అన్నావు. ఆ మాట తీసెయ్. గోడ మీద బొమ్మకు ఒక చిక్కు ఉంది: లోతు మరీ ఎక్కువ చూపిస్తే గోడకు కన్నం పడినట్టుంటుంది, భవనం బలహీనంగా కనిపిస్తుంది. పైగా ఈజిల్ బొమ్మ (స్టాండు మీద పెట్టి వేసే కాన్వాసు) ముందు మనిషి నిలబడతాడు. గోడ బొమ్మ ముందు నడుస్తాడు. ఒకే చూపుబిందువు పనిచేయదు. లోతు తక్కువగా, పలకలు పలకలుగా, ఒకే వస్తువును రెండు మూడు వైపుల నుంచి చూపే విద్యను ఆయన నేర్చుకున్నది క్యూబిజంలోనే. 1920–21లో ఇటలీ తిరిగి పాత ఫ్రెస్కోలు చూసి స్కెచ్‌లు గీసుకున్నాడు. ఆ రెండూ కలిస్తేనే డెట్రాయిట్.

డెట్రాయిట్ దగ్గర ఆగు, కాసేపు కాదు, వ్యాసంలో మూడో వంతు. మొదట రెండు పెద్ద గోడలకే మాట. తర్వాత ముంగిలి నాలుగు గోడలకూ పెరిగి 27 ఫలకాలైంది. 1932 ఏప్రిల్‌లో వెళ్ళి, ఫోర్డ్ వాళ్ళ రివర్ రూజ్ కర్మాగారంలో వారాల తరబడి యంత్రాలు చూసి స్కెచ్‌లు వేసుకున్నాడు. జూలైలో రంగు మొదలైంది, 1933 మార్చిలో ముగిసింది. ఉత్తర గోడ మీది ప్రధాన ఫలకం దాదాపు 45 అడుగుల వెడల్పు, పదిహేడున్నర అడుగుల ఎత్తు. సుమారు 74 చదరపు మీటర్లు. రోజుకు మూడు చదరపు మీటర్ల లెక్కన కాగితం మీద వేసి చూసుకో, ఆ ఒక్క ఫలకానికే పాతిక జోర్నాతాలు. ఒక్కో రోజు ముక్క అంచు ఎక్కడ తెగాలి? ముఖం మధ్యలో తెగితే అతుకు కనిపిస్తుంది. అందుకే భుజం గీత వెంట, గొట్టం అంచు వెంట, నీడ పడ్డ చోట కోస్తారు. ఆ ఫలకంలో కన్వేయరు బెల్టులు, గొట్టాలు అంత మెలికలు తిరగడం కూర్పు కోసం. పనిలో పనిగా అతుకులు దాచుకోవడానికీ అవి వీలిచ్చాయని నా అభిప్రాయం. నువ్వు ఫొటోలు చూసి నీ అభిప్రాయం నువ్వు ఏర్పరచుకో.

రోజు ఎలా నడిచేదో కూడా రాయి. సహాయకులు రాత్రే చివరి పూత వేసి, గీతను దించి, రంగులు నూరి సిద్ధం చేసేవాళ్ళు. రంగుల బాధ్యత రసాయనాలు తెలిసిన ఆంద్రేస్ సాంచేస్ ఫ్లోరెస్‌ది. రివేరా వచ్చి ముందు నలుపుతో నీడలు, గుండ్రదనం తేల్చేవాడు, తర్వాతే రంగు. వెలుగు నీడలు ముందే తేలిపోతే, ఆరబోతున్న గోడ మీద రంగు గురించి మాత్రమే ఆలోచించుకోవచ్చు. ఇది నీకూ పనికొచ్చే పద్ధతే. చిత్తుప్రతిలో ముందు సంగతుల వరస తేల్చు, తర్వాత వాక్యానికి రంగు పుయ్యి. నీ వ్యాసంలో రెండూ ఒకేసారి చేయబోయి, మూడో పేజీలో 1929 నుంచి 1922కి వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

ఆయన బోధన గురించి నువ్వు అసలేమీ రాయలేదు. 1929లో సాన్ కార్లోస్‌కు డైరెక్టరయ్యాడు. విద్యార్థులు మొదటి ఏళ్ళు పగలు పనిచేసుకుంటూ సాయంత్రాలు చదవాలని, చిత్రకళ పని నేర్చుకునే కార్ఖానాలా ఉండాలని, బడి నడపడంలో విద్యార్థులకు మాట ఉండాలని పాఠ్యప్రణాళిక మార్చబోయాడు. అదే భవనంలో ఉన్న వాస్తుశాస్త్ర విభాగం గట్టిగా ఎదిరించింది. 1930లో దిగిపోవాల్సి వచ్చింది. ఆ ప్రణాళిక కాగితం మీద ఓడినా సారవల మీద నడిచింది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ముందు సున్నం కలిపారు, గోడ తడిపారు, రంగు నూరారు. కుంచె ఆ తర్వాత. ఆయన తాత్వికతకు ఇంతకంటే నేరుగా చూపే సాక్ష్యం లేదు: చిత్రకారుడూ కూలీయే, బొమ్మ ఒక్కడి పని కాదు, గోడ అమ్ముకునేది కాదు. చిత్రకారుల సంఘం ప్రకటన, తోటి గోడచిత్రకారుడు సికేరోస్ రాసింది, ఈజిల్ బొమ్మను తిరస్కరించింది. రివేరా దాన్ని ఒప్పుకున్నాడు, జీవితాంతం ఈజిల్ బొమ్మలు వేస్తూ అమ్ముతూనే ఉన్నాడు కూడా. నువ్వు ఈ వైరుధ్యాన్ని దాచావు. దాచకు, తీర్పూ చెప్పకు. రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టు.

రాక్‌ఫెల్లర్ గొడవ ఒక్క పేరా చాలు, అదీ సాంకేతికంగా రాయి. 1933 మేలో, న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్ గోడ మీద వేస్తున్న బొమ్మలో లెనిన్ ముఖం మార్చమని నెల్సన్ రాక్‌ఫెల్లర్ ఉత్తరం రాశాడు. రివేరా ఒప్పుకోలేదు, కావాలంటే లింకన్‌ను చేరుస్తానన్నాడు. కొద్దిరోజుల్లో పని ఆపించారు, డబ్బు పూర్తిగా చెల్లించారు. 1934 ఫిబ్రవరిలో గోడ పగలగొట్టారు. ఎందుకు పగలగొట్టాల్సి వచ్చింది? ఫ్రెస్కో గోడలో భాగం. కాన్వాసులా విప్పి పంపలేరు. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు. 1931లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ప్రదర్శనకు ఉక్కు చట్రాల మీద సిమెంటు పోసి, కదిలించగల ఫ్రెస్కో పలకలు చేశాడు. గొడవ తర్వాత చేతికొచ్చిన డబ్బుతో న్యూ వర్కర్స్ స్కూల్లో వేసిన 21 ఫలకాలూ కదిలించగలిగేవే. పోయిన బొమ్మను మెక్సికోలో లలితకళల భవనంలో 1934లో మళ్ళీ వేశాడు. రహస్యంగా ఫొటోలు తీసి ఉంచింది సహాయకురాలు లూసియెన్ బ్లాక్. ఆమె పేరు నీ వ్యాసంలో లేదు, చేర్చు.

ఒక హెచ్చరిక. రివేరా తన గురించి చెప్పుకున్న కథల్లో కల్పన ఎక్కువ. మెక్సికో విప్లవంలో రైతు నాయకుడు సపాతాతో కలిసి పోరాడానన్నది అలాంటిదే. విప్లవం మొదలైన 1910 నవంబరు 20నే సాన్ కార్లోస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన ప్రారంభమైంది, ప్రారంభించింది నియంత దియాస్ భార్య. మరుసటి ఏడాది ఆయన తిరిగి పారిస్ వెళ్ళిపోయాడు. నువ్వు ‘విప్లవంలో పాల్గొన్న’ అని రాసిన చోట గీత గీశాను. ఆయన నోటి మాట దేన్నైనా, తేదీతో సరిచూడనిదే వాస్తవంగా రాయకు. ‘అని చెప్పుకునేవాడు’ అంటే సరిపోతుంది.

పేర్లు కూడా సరిచెయ్. స్పానిష్‌లో ‘జె’ అక్షరం ‘హ’ పలుకుతుంది: హొసే, హ్వాన్, హ్వారెస్. డియాగో కాదు, దియేగో. మన లిపిలో త, ద ఉన్నాయి గనక ఇంగ్లీషు ద్వారా వచ్చిన ట, డ వాడాల్సిన అవసరం లేదు.

తిరగరాసేటప్పుడు కొలత ఇలా పెట్టుకో. మొత్తం 1,500 మాటలు అనుకుంటే 500 డెట్రాయిట్‌కు, 300 సున్నానికి, 300 మెక్సికోలో తొలి గోడలకు, మైనానికి, నాగజెముడుకు, 200 చదువుకూ బోధనకూ, 100 రాక్‌ఫెల్లర్‌కు. ఫ్రీదాకు మిగిలేది 100. ఆమె స్వయంగా చిత్రకారిణి, ఆమెకు విడిగా వ్యాసం రాయి. ఆయన కథలో కన్నీళ్ళ కోసం వాడుకోకు. బొమ్మను వర్ణించేముందు ఒక కాగితం మీద విశేషణాలు లేకుండా జాబితా రాసుకో: ఎంతమంది మనుషులు, ఎటు చూస్తున్నారు, చేతుల్లో ఏముంది, ఏ రంగు ఎక్కడ మళ్ళీ వచ్చింది. జాబితా పూర్తికాకుండా ‘అద్భుతం’ అని రాయాలనిపిస్తే కలం కింద పెట్టు.

అన్నీ ఒకేసారి రాయొద్దు. ముందు డెట్రాయిట్ దక్షిణ గోడ పైభాగం ఒక్కటే 400 మాటల్లో రాసి పంపు. అక్కడ ఇద్దరు భారీ మనుషులు పడుకుని ఉంటారు. ఉక్కు తయారీలో వాడే ముడిపదార్థాలు వాళ్ళ చేతుల్లో ఉంటాయి: ఒకరి చేతిలో సున్నపురాయి, ఇంకొకరి చేతిలో ఇసక. ఆ బొమ్మ కింద ఉన్న గోడ కూడా ఆ రెండింటితోనే చేసింది.

ఆశీస్సులతో.